పెరటికి వచ్చిన తేనెటీగలు

ఫాల్గుణ మాసమున ఒకనాటి ఉదయము. పెరటిలో బట్టలు ఆరవేయుచున్న ఇల్లాలు హఠాత్తుగా తల యెత్తి చూచును. ఆకాశమంతయు ఒకటే రొద. వేలకొలది ఈగలు సుడిగాలివలె తిరుగుచు వచ్చి, సపోటా కొమ్మపై వ్రాలి, కొంత సేపటిలో గుమ్మడికాయంత ముద్దయై వ్రేలాడును. పిల్లలు కేకలు వేయుదురు. ఇరుగు పొరుగువారు గోడమీదుగా తొంగి చూచి తలకొక సలహా చెప్పుదురు. కిరసనాయిలు గుడ్డ కాల్చి చూపుమని ఒకరు, పురుగుల మందు చల్లుమని ఒకరు అందురు. ఇంట తేనెపట్టు పట్టుట శుభమని కొందరు, అశుభమని కొందరు వాదింతురు. ఆ సమయమున ఇంటి యజమాని చేయవలసిన దేమి? ఈనాడు నేను మనవి చేయదలచినది ఆ ఒక్క విషయమే.

దీనికి నా సమాధానము మూడు ప్రశ్నల రూపమున నున్నది. వచ్చిన ఈగ లేజాతివి? అవి బస చేసినవా, కాపురము పెట్టినవా? మన యింటిలో పరుగెత్తి తప్పించుకొనలేనివారెవరు? ఈ మూడింటిలో చివరిదే మొదట అడుగవలసినది. ఈ సంగతిని నేను గ్రంథములలో చదివి తెలిసికొనలేదు. చిన్నతనమున మా యింట జరిగిన ఒక పొరపాటు నాకు దానిని నేర్పినది.

మా గ్రామమున మా యింటి వెనుక పెద్ద చింతచెట్టు ఉండెడిది. దాని పై కొమ్మకు ఏటేట పెద్ద తేనెటీగలు వచ్చి పట్టు పెట్టెడివి. వాటి దారిన అవి, మా దారిన మేము. ఒక సంవత్సరము మా మేనత్త వివాహము నిశ్చయమైనది. పందిరి వేయవలసిన చోటు ఆ చెట్టు క్రిందనే. పట్టును తొలగింపవలెనని పెద్దలు తలచిరి. మా పినతండ్రి పొడవైన వెదురు గడకు ఎండు కొబ్బరాకులు కట్టి, పట్టపగలు మంట పెట్టి పైకెత్తెను. క్షణములో పట్టు పగిలినట్లై ఈగలన్నియు క్రిందికి దిగినవి. అందరును లోనికి పరుగెత్తి తలుపులు బిగించుకొంటిమి. పిల్లలను లెక్క పెట్టుకొంటిమి. కాని పశువుల పాకలో పలుపుతో కట్టివేసిన లేగదూడ నెవరును తలచుకొనలేదు. ప్రొద్దుగూకిన తరువాత పోయి చూడగా దాని కన్నులు, ముట్టె గుర్తింపరాకుండ వాచియున్నవి. తెల్లవారకముందే అది చనిపోయినది. మా పినతండ్రి ఆ దినమున అన్నము ముట్టలేదు. "పలుపు విప్పియుండిన సరిపోయెడిది" అని మాత్రము ఒకటి రెండు సార్లు అనెను.

ఇక మొదట ఈగల జాతులను గురించి చెప్పుదును. మన ప్రాంతమున సామాన్యముగ కనబడు తేనెటీగలు నాలుగు విధములు. అన్నిటికంటె పెద్దవి కొండ తేనెటీగలు. ఇవి ఎత్తైన చెట్లకు, నీళ్ల ట్యాంకులకు, మేడల చూరులకు, వంతెనల క్రింద ఒకే ఒక పట్టును బయలుగనే పెట్టును. అది ఒక గజము వెడల్పు వరకును పెరుగును. పట్టుపై ఈగలు తెరవలె కప్పియుండును. కందిరీగ దగ్గరకు వచ్చినప్పుడు అవి వరుసగా పొట్టలు పైకెత్తుటచే పట్టుమీద నీటి అల పారినట్లు కనబడును. అది చూచుట కెంత అందమైనదో అంత హెచ్చరిక కూడను. ఈ జాతికి కోపము మెండు, తరిమెడు దూరము కూడ ఎక్కువ.

రెండవవి చిన్న తేనెటీగలు. నిమ్మ, దానిమ్మ, మల్లె పొదలలో చిన్న పుల్లను చుట్టి అరచేయంత పట్టు పెట్టునవి ఇవే. వీటివలన భయము స్వల్పము. పొదను కుదిలించనంత వరకు ఇవి మనలను తలపనైన తలపవు. మూడవవి పుట్టతేనెటీగలు. చెట్టు తొర్రలలో, పాడుపడిన పుట్టలలో, గోడ సందులలో, బోర్లించిన కుండలలో చీకటి చోట్ల ప్రక్క ప్రక్కగా అనేకములైన పట్టులు పెట్టి కాపురముండును. మన దేశమున అనాదిగా పెంపకమునకు లొంగినది ఈ జాతియే. నాలుగవవి గోడ పగుళ్లలో జిగురుతో చిన్న గొట్టమువంటి ద్వారము కట్టుకొను ముసురు ఈగలు. వీటికి కుట్టు శక్తియే లేదు. ఈ నాలుగును గాక, 1960 దశాబ్దమున పంజాబు ప్రాంతమున స్థిరపడి, ఇప్పుడు అనేక రాష్ట్రములలో పెట్టెలలో పెంచబడుచున్న ఐరోపా తేనెటీగ కూడ కలదు.

రెండవ ప్రశ్న, బసయా కాపురమా అన్నది. ఒక కుటుంబము వృద్ధి పొందినప్పుడు పాత రాణి సగమునకు పైగా కూలి ఈగలను వెంట బెట్టుకొని పాత యిల్లు కూతురికి విడిచి బయలుదేరును. బయలుదేరుటకు ముందు ఈగలు కడుపునిండ తేనె త్రాగును. త్రోవ బత్తెమదే. అట్టి గుంపునకు కాపాడుకొనవలసిన పిల్లలు లేవు, తేనె కొట్టు లేదు. అందుచేత మనము రెచ్చగొట్టనిచో కొమ్మకు వ్రేలాడు గుంపు సాధారణముగ శాంతముగనే యుండును. అది కొన్ని గంటలో, ఒకటి రెండు దినములో అచట విశ్రమించి పోవును.

ఆ విశ్రాంతి సమయమున జరుగు వ్యవహారము మిక్కిలి వింతైనది. కొన్ని అనుభవముగల ఈగలు నలుదెసల తిరిగి ఇల్లు వెదకును. తేనెటీగల నాట్యభాషను కనుగొని 1973 లో నోబెల్ బహుమానము పొందిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ గారి శిష్యుడు మార్టిన్ లిండవర్, రెండవ ప్రపంచ యుద్ధానంతరము మ్యూనిక్ నగరమున ఇట్టి గుంపులను పరిశీలించెను. గుంపుపై నాట్యము చేయుచున్న ఈగలలో కొన్ని మసి పూసికొని, కొన్ని ఇటుక పొడి పూసికొని యుండుట ఆయన కంటబడినది. అవి పొగగూళ్లలో, శిథిలమైన గోడలలో ఇల్లు చూచి వచ్చినవని ఆయన గ్రహించెను. మేలైన స్థలము చూచినది ఎక్కువ సేపు నాట్యము చేయును. దానిని చూచి మరికొన్ని పోయి పరీక్షించి వచ్చును. క్రమముగ ఒక స్థలమునకే మొగ్గు కలుగగా గుంపంతయు లేచిపోవును. ఆయన నాట్యము ననుసరించి ఆ గుంపు చేరబోవు ఇంటిని ముందుగనే కనుగొనగలిగెను. కాబట్టి మన పెరటి కొమ్మపై నున్నది దండయాత్ర కాదు, ఇల్లు వెదకుకొనుచున్న ఒక సంసారము. దానికి కావలసినది కొంత వ్యవధి మాత్రమే. గుంపు సందున తెల్లని మైనపు పట్టు కనబడనంత వరకు అది బసయే యనుకొనవచ్చును. పట్టు కనబడినచో, లేక ఈగలు ఒక రంధ్రములోనికి పుప్పొడి మోసికొని పోవుచున్నచో, అది కాపురము.

ఇంతకును మా యింట జరిగిన రెండవ సంగతి చెప్పవలసియున్నది. నాలుగు సంవత్సరముల క్రిందట ఒక పుట్టతేనెటీగల గుంపు మా పెరటి సపోటా కొమ్మపై వ్రాలినది. అప్పటికి మా తల్లిగారికి ఎనుబదియారేండ్లు. ఆ చెట్టు నీడనే ఆమె మంచము. నేను ఈగల వంకనే చూచుచు నిలిచి యుండగా ఆమె మెల్లగా, "నాయనా, ముందు నన్ను లోపలికి తీసికొనిపో. ఆ దూడను మరచితివా?" అనెను. అరువది యేండ్లు గడచినను ఆమె మరువలేదు. నేను క్షణము సిగ్గుపడితిని. ఆమెను, నాలుగేండ్ల మనుమని లోనికి చేర్చి, పెరటి తలుపు మూసితిమి. ప్రక్కయింటివారి కుక్కను గొలుసు విప్పి లోన ఉంచుకొనుమని చెప్పి పంపితిమి.

మరునాటి ఉదయమునుండి కొన్ని ఈగలు పెరటి మూలనున్న పాత కుడితి బాన చుట్టు తిరుగ నారంభించినవి. పశువులు పోయిన తరువాత ఆ బానను బోర్లించి విడిచితిమి. దాని అంచు ఒకచోట పగిలి రెండు వ్రేళ్లు పట్టునంత సందు ఉన్నది. మధ్యాహ్నము గుంపంతయు లేచి ఆ సందు గుండ లోనికి పోయినది. బస కాపురమైనది. నా భార్యకు మనుమని గూర్చిన భయము. నాకు చంపుట ఇష్టము లేదు. ఇద్దరి మాటయు న్యాయమే. పురుగుల మందు చల్లి యుందుమేని ఈగలు చచ్చును గాని పట్టులు మిగులును. ఆ విషపు తేనెను దోచుకొనుటకు వచ్చిన ఇతర తేనెటీగలును చచ్చును. గోడలోని పట్టులైనచో పిల్ల పురుగులు క్రుళ్లి, తేనె కారి, చీమలు పట్టును. నిప్పు పెట్టుట యన నేమో మాకు తెలిసినదే.

మూడు వారములు గడచిన పిమ్మట పొరుగూరినుండి తేనెటీగల పెంపకము తెలిసిన ఒక రైతును పిలిపించితిమి. ఆయన సాయంకాలము ఎండ చల్లబడిన తరువాత వచ్చి, ముఖమునకు వల ముసుగు వేసికొని, కొబ్బరి పీచు పొగ రెండు మార్లు మాత్రము మెల్లగ ఊది, బాన నెత్తెను. పొగ తగిలినచో ఈగలు తేనె త్రాగుటకు పూనుకొనును. వాటి హెచ్చరిక వాసన కూడ మరుగుపడును. అందుకే కొద్ది పొగ ఉపకారము, మంట అపకారము. లోన ఐదు తెల్లని పట్టులు వ్రేలాడుచుండెను. పిల్లలున్న పట్టులను ఒక్కొక్కటిగ కోసి, చట్రములలో నుంచి, తడిపిన అరటినారతో కట్టి పెట్టెలో అమర్చెను. కొన్ని దినములలో ఈగలే మైనముతో పట్టును చట్రమునకు అతికించుకొని నారను కొరికి పారవేయునట. పొడవైన శరీరముతో నల్లగ నున్న రాణిని ఆయన మాకు చూపెను. అది పెట్టెలోనికి చేరగనే తక్కిన ఈగలు ద్వారము వద్ద తోకలెత్తి రెక్కలాడించుచు, వెలుపల నున్నవానిని వాసనచే పిలుచుకొనుట మొదలిడినవి. చీకటి పడులోపల బాన ఖాళీయైనది. ఒక్కరికిని ఒక్క కాటు తగులలేదు.

పెట్టెను మొదట బాన ఉన్నచోటనే నిలిపితిమి. ఒక్కసారిగ దూరము జరిపినచో మేతకు పోయిన ఈగలు పాత చోటికే వచ్చి దారి తప్పును. అందుచేత రోజునకు రెండు మూడడుగుల చొప్పున జరుపుచు పెరటి చివరకు చేర్చితిమి. ద్వారమును నడక దారివైపుగాక, ఎత్తైన మందార కంచెవైపు త్రిప్పితిమి. కంచె అడ్డముగ నుండుటచే ఈగలు వెలువడగనే పైకెగిరి మన తలల మీదుగ పోవును. పెట్టె కాళ్ల క్రింద నీటి గిన్నె లుంచి చీమలను ఆపితిమి. రాణి పారిపోకుండ ద్వారమునకు పెట్టిన చిన్న కమ్మిని వారము తరువాత తీసివేసితిమి. దగ్గరలో వెడల్పు పళ్లెమున గులకరాళ్లు పోసి నీరు నింపితిమి. నీరు అచట దొరకుటచే అవి స్నానాల గది కొళాయివద్దకు వచ్చుట మానినవి.

ఇట్టి పెట్టెల చరిత్ర కూడ స్మరింపదగినది. పట్టుకు పట్టుకు నడుమ ఈగలు నియతమైన సందును విడుచునని కనుగొని, ఎత్తి దింపుటకు వీలగు చట్రముల పెట్టెను అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అను మతబోధకుడు 1852 లో ప్రకటించెను. మన పుట్టతేనెటీగకు తగిన చిన్న పెట్టెను తిరుచిరాపల్లిలో న్యూటన్ అను క్రైస్తవ గురువు 1910 దశాబ్దమున రూపొందించి అనేకులకు నేర్పెను. దక్షిణ దేశమున నేటికిని న్యూటన్ పెట్టె యను పేరు నిలిచియున్నది. 1962 లో పూనాలో కేంద్ర తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థ వెలసినది. కాని 1991, 1992 సంవత్సరములందు పిల్ల పురుగులను సంచివలె ఉబ్బించి చంపు ఒక వైరసు వ్యాధి కేరళమునను, పరిసర రాష్ట్రములందును వ్యాపించి పెంపకపు పుట్టతేనెటీగ కుటుంబములలో అత్యధిక భాగమును నాశనము చేసెను. మీ గోడ సందుకు వచ్చిన గుంపు అట్టి విపత్తులను దాటి నిలిచిన సంతతి కావచ్చును. దానిని కాల్చుటకు ముందు ఈ మాట ఒకసారి తలచవలెను.

వాటివలన ఇంటికి కలుగు లాభము తేనె మాత్రమే కాదు. గుమ్మడి, దోస, సొర మొదలగు పాదులందు మగపూవు వేరు, ఆడపూవు వేరు. ఒకదాని పుప్పొడి మరియొకదానికి చేర్చువారు లేనిచో పిందె పసుపుబారి రాలిపోవును. పాదు పూచినది గాని కాయలేదని విచారించు గృహిణులు, ఆ పెరటిలో ఈగలు తిరుగుచున్నవో లేదో చూడవలెను. మందు చల్లక తప్పనిచో పూవులపై చల్లక, ఈగలు ఇల్లు చేరిన సాయంకాలము చల్లుట మేలు.

ఇంత చెప్పితినని కొండ తేనెటీగలను కూడ చనువుగ చూడవలదు. పెరటిలో ఎత్తున పట్టు పెట్టినచో, మన రాకపోకలకు దూరముగ నున్నచో, విడిచిపెట్టుటయే ఉత్తమము. పూతకాలము గడచిన తరువాత అవి తమంతట తామే వలస పోవును. దాని క్రింద వంట పొగ, బాణసంచా, రాళ్లు విసరుట కూడదు. రాత్రులందు అవి వెలుగునకు ఆకర్షింపబడును గనుక పట్టు దగ్గర బయటి దీపము వెలిగింపరాదు. పట్టు గుమ్మము పైనను, బడి ఆవరణలోను, పశువుల పాక ప్రక్కను ఉన్నప్పుడు మాత్రము తొలగింపక తప్పదు. అప్పుడును అది మన చేతి పని కాదు. కృషి విజ్ఞాన కేంద్రమునందు గాని, ఉద్యాన శాఖవారివద్ద గాని విచారించి, శిక్షణ పొంది రక్షణ దుస్తులు గలవారిచే చేయింపవలెను. వారు వచ్చు దినమున పశువుల పలుపులు విప్పి దూరముగ తోలవలెను. ఇరుగు పొరుగువారికి ముందే చెప్పవలెను.

ఈగలు తరిమినచో చేతులు విసరక, తల ముఖము బట్టతో కప్పుకొని, తిన్నగా పరుగెత్తి ఇంటిలో దూరవలెను. నూతిలో గాని చెరువులో గాని దుముకరాదు. తల పైకెత్తిన వెంటనే కుట్టుటకు అవి పైన వేచియుండును. కుట్టిన కూలి ఈగ కొండి చర్మమున దిగబడి, విషపు తిత్తితో కూడ తెగి అచటనే నిలుచును. ఈగ చచ్చినను ఆ తిత్తి కొన్ని క్షణములు విషము నెక్కించుచునే యుండును. మిగులపండిన అరటిపండు వాసనవంటి వాసన కూడ అచటినుండి వెలువడి మరిన్ని ఈగలను పిలుచును. కాబట్టి గోటితోనైనను, దేనితోనైనను వెంటనే కొండిని గీకి తీయవలెను. పిమ్మట సబ్బుతో కడిగి చల్లని తడిగుడ్డ వేయవలెను. కుట్టినచోట వాపు ఒకటి రెండు దినము లుండుట సహజము. కాని ఊపిరి ఆడకున్నను, పెదవులు నాలుక వాచినను, ఒడలెల్ల దద్దురులు లేచినను, కళ్లు తిరిగినను, సున్నము రాచుచు కాలము గడపక తక్షణమే ఆసుపత్రికి చేర్పవలెను. కొందరి శరీరతత్త్వమునకు ఒక్క కాటే ప్రాణాంతకము. పసివారికిని, వృద్ధులకును అనేకమైన కాట్లు తగిలినచో ఏ లక్షణముకొరకును ఎదురుచూడరాదు.

మా పెట్టె సంగతి కూడ ముగింతును. మొదటి సంవత్సరము కిలోకు కొంచెము తక్కువ తేనె వచ్చినది. మరుసటి వర్షకాలమున పూవులు కరవై, పట్టులకు మైనపు పురుగు పట్టగా, ఒకనాడు ఈగలన్నియు లేచిపోయినవి. మన పుట్టతేనెటీగకు ఇట్లు ఇల్లు విడుచు స్వభావము మెండు. కరవు దినములలో పంచదార పానకము పెట్టుటయు, పాత పట్టులను తీసివేయుటయు మేము అశ్రద్ధ చేసితిమి. తప్పు మాదే. ఇప్పుడు పెట్టెను శుభ్రము చేసి, లోపల కొద్దిగ మైనము రాచి, అదే చోట ఉంచితిమి. వచ్చిన రావచ్చును, రాకపోవచ్చును.

మీ పెరటికి వచ్చిననాడు మాత్రము తొందరపడకుడు. మొదట ఇంటిలోని పసివానిని, మంచము పట్టిన పెద్దను, కట్టుగొయ్యనున్న పశువును తలచుకొనుడు. వారిని సురక్షిత స్థలమునకు చేర్చిన పిదప, దూరమునుండి ఆ ఈగలను గమనింపుడు. మంట పెట్టుటకు పట్టునంత వ్యవధిలోనే ఒక పలుపు విప్పవచ్చును.